కోత లేని ఆపరేషన్

నాగవేణికి జరిగింది అసలు ఆపరేషనే కాదని ఎమ్మిగనూరులోని ఆ నేతగాళ్ల వీధి వీధంతా కలిసి తేల్చిపారేసింది.

తేల్చడానికి వాళ్ల దగ్గర ఒక కొలత ఉంది. ఆ వీధిలో ఆపరేషన్‌ను కోత పొడవుతో కొలుస్తారు. మూలింటి తిక్కయ్యకు మూత్రపిండంలో రాయి తీసినప్పుడు నడుము పక్కన మూరెడు కోత పడింది. అడిగినా అడక్కపోయినా చొక్కా ఎత్తి చూపిస్తాడు. నాగవేణి అత్త ఈరమ్మకు గర్భసంచి తీసినప్పుడు పొట్ట కింద జానెడు కోత పడింది. ఆ కోతకు నెలల తరబడి మంచం దిగలేదనీ, గంజి మంచం మీదికే వచ్చిందనీ ఆమె పండక్కీ పబ్బానికీ చెబుతూనే ఉంటుంది. అలాంటి ఇంటికి నాగవేణి నాలుగు చిల్లులతో తిరిగొచ్చింది.

కాలేయం కిందుండే పైత్యపు సంచి నిండా రాళ్లున్నాయని ఆదోనిలో కెమెరా ఆపరేషన్ చేసి ఆ సంచినే తీసేశారు. బొడ్డు పైన ఒకటి, పక్కటెముకల కింద మూడు, అన్నీ బొట్టుబిళ్లల్లాంటి ప్లాస్టర్లు. పలకరించడానికి వచ్చినవాళ్లు వాటిని చూసి ఇంతేనా అని మొహాలు వేలాడేశారు. తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్టు చేతిలో పెట్టారు గానీ, దండగయిందే అన్నట్టుంది వాళ్ల వాలకం. దోమ కుట్టినా ఇంతకన్నా పెద్ద దద్దురు లేస్తుందని ఒకామె నవ్వింది. నాగవేణి కూడా నవ్వింది. అప్పటికి ఆమెకూ అది అదృష్టంగానే తోచింది మరి.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు జాగ్రత్తలన్నీ చెప్పాడు. నీళ్ల బిందె మోయొద్దన్నాడు, బియ్యం మూట జరపొద్దన్నాడు. నువ్వేం పని చేస్తావమ్మా అని కూడా అడిగాడు. అదిగో, మొదటి చిక్కు అక్కడే పడింది.

"ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటా," అంది నాగవేణి.

అబద్ధమేం కాదు. ఆ వీధిలో ఏ ఆడమనిషిని అడిగినా అదే మాట చెబుతుంది. మగ్గం ఇంట్లో ఉంటుంది కాబట్టి మగ్గం నేసే మనిషి కూడా ఇంట్లో ఉన్నట్టే లెక్క. పొద్దు పొడిచింది మొదలు గుంటలో కాళ్లు పెట్టుకుని తొక్కీ తొక్కీ, వంగి దెబ్బ మీద దెబ్బ వేసి చీరలు నేసినా సరే, పని అంటే గడప దాటి చేసేదే. ఇంట్లోనే కదా, అయితే ఫర్వాలేదు అని డాక్టరు తలూపాడు.

ఆ ఇంట్లో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ఆమెది, ఒకటి మొగుడు జయన్నది. గుంట మగ్గం ముందు కూర్చుంటే, నేసిన బట్ట చుట్టుకునే కర్ర సరిగ్గా పొట్టకు ఆనుతుంది. ప్రతి దెబ్బకూ మనిషి ముందుకు వంగాలి. వంగినప్పుడల్లా ఆ కర్ర బొడ్డు దగ్గర నొక్కుతుంది, తొక్కినప్పుడల్లా కడుపు బిగుసుకుంటుంది. కానీ దీన్ని బరువని ఎవరనుకుంటారు? మగ్గం ఏమన్నా మూటనా ఎత్తేదానికి, కూర్చుని చేసే పనే కదా అని ఈరమ్మ తీర్పు చెప్పింది. పెళ్లాన్ని పనిలో పెట్టాలని కాచుక్కూర్చునే మనిషి కాదు జయన్న. కాకపోతే తన మగ్గం మీద ఒక చీర దిగినప్పుడల్లా, పక్కన ఖాళీగా ఉన్న ఆమె మగ్గం వైపు చూసి ఒక నిట్టూర్పు విడిచేవాడు. ఆ నిట్టూర్పు చాలదా? నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు హనుమంతరాయుడు పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడుతున్నాయని మనిషి మీద మనిషిని పంపుతున్నాడు. సగం నేసిన పడుగు, ఆ నిలువు పోగులు, మగ్గం మీద అలా పడి ఉంటే ఇంటికి మంచిది కాదని ఈరమ్మ దీపం పెట్టినప్పుడల్లా గొణుగుతోంది. చిల్లుల మీద ప్లాస్టర్లు పూర్తిగా ఊడకముందే నాగవేణి గుంటలోకి దిగింది.

వానలు వెనకబట్టి, ఆదోని రోడ్డు మీద పత్తి లారీలు తిరిగే కాలం వచ్చింది. ఒకనాడు స్నానం చేస్తుంటే దగ్గొచ్చింది. దగ్గుతో పాటు బొడ్డు పైన, చిల్లు మానిన చోట, చర్మం కింద ఏదో లేచింది. నిమ్మకాయంత ఉంది, మెత్తగా ఉంది. వేలితో నొక్కితే గుడగుడమంటూ లోపలికి జారిపోయింది. వేలు తీసి కావాలని మళ్లీ దగ్గింది. మళ్లీ లేచింది. నాగవేణికి భయం కన్నా ముందు ఒళ్లు మండింది. మానిపోయిందని అందరూ నవ్వుతాలాడిన చోటే ఈ గోలేమిటి అనుకుంది. పైన చర్మమైతే అతుక్కుంది గానీ, దాని కింద కండపొర అతుక్కోలేదు. ఆ సందులోంచి పేగు బయటికి వస్తోంది. ఈ సంగతి అప్పటికి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

అత్తకు చూపించింది. ఈరమ్మ దీపం దగ్గరికి తెచ్చి మరీ చూసి, గ్యాసు అంది. పప్పు తగ్గించమంది, వాము నమిలించింది. నొప్పి తగ్గకపోతే, బాలింతకు కట్టినట్టు పాత చీర చింపి పొట్టకు బిగించి కట్టింది. ఆ కట్టుతో కాస్త నిమ్మళించిన మాట నిజమే. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వెల్లకిలా పడుకోవడం, ఉబ్బును నాలుగు వేళ్లతో మెల్లగా లోపలికి తోయడం, కట్టు బిగించడం, మగ్గం గుంటలోకి దిగడం. కొన్నాళ్లకు ఆ పని ఆమె చేయనక్కర్లేకుండా చేతులే చేసుకునేవి.

ఆ చేతుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. నాగవేణి పుట్టిల్లూ నేత ఇల్లే. మగ్గం మీంచి కోసిన చీరను ఉన్నదున్నట్టు పరాయి మనిషి ముందు పరచకూడదని వాళ్లమ్మ చిన్నప్పుడే వీపు మీద చరిచి నేర్పింది. తెగిన పోగుల ముడులు వెనక్కి తోయాలి, వేలాడే కొసలు కత్తిరించాలి, అంచు అరచేత్తో సాపు చేయాలి, అప్పుడు చూపించాలి. హనుమంతరాయుడు చీరను వెలుతురుకెత్తి చూసే రకం. ఒక్క ముడి కంటబడినా వీధి చివరిదాకా వినపడేలా తిట్టిపోస్తాడు. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైతే చాలు, లోపల ఆడవాళ్ల చేతులు వాటంతటవే బట్టను సర్దేస్తాయి. తప్పును తప్పులా చూపించడమంటే ఆ వీధిలో బట్ట విప్పుకుని నిలబడినట్టే.

నొప్పి ఎక్కువై ఆదోని పోదామని పట్టుబట్టినప్పుడు, జయన్న ఒక పూట మగ్గం ఆపి బస్సెక్కించాడు. నర్సు ఆమెను తెర వెనక్కి పంపి, బల్ల మీద పడుకుని పొట్ట మీద గుడ్డ తీసి ఉంచమంది. నాగవేణి పడుకుంది. కట్టు విప్పింది. ఉబ్బు లేచి ఉంది. అవతల డాక్టరు చెప్పుల చప్పుడు వినిపించింది. ఇంకేముంది, నాలుగు వేళ్లూ వెళ్లి దాన్ని లోపలికి తోసేశాయి. చీర కుచ్చెళ్లు సరిచేశాయి. డాక్టరు వచ్చి చూసేసరికి పొట్ట నున్నగా, ఇస్త్రీ చేసినట్టుంది. ఇక్కడ ఉబ్బుతుంది సార్ అని ఆమె చెప్పింది. ఆయన అక్కడ నొక్కాడు, పక్కన నొక్కాడు, చిల్లులన్నీ బ్రహ్మాండంగా మానాయన్నాడు. దగ్గమంటే ఏమయ్యేదో గానీ ఆయన దగ్గమనలేదు. లేచి నిలబడమనీ అనలేదు. బయట వరసలో జనం గుంపుగా ఉన్నారు. గ్యాసుకు బిళ్లలు రాసిచ్చాడు.

తిరిగొచ్చే బస్సులో జయన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. నాగవేణి మాత్రం ఆలోచిస్తూనే ఉంది. ఇంట్లో అంత లేచేది డాక్టరు చేతికి ఎందుకు తగల్లేదు? తన చేతులే దాన్ని దాచాయన్న ఆలోచన ఆమెకు కలలో కూడా రాలేదు. ముడిని వెనక్కి తోసినంత మాత్రాన ముడి లేకుండా పోతుందా? ఉంది అని నోటితో చెప్పింది కదా, చదువుకున్న మనిషి, ఆయనే కనుక్కుంటాడనుకుంది. దిగిన బస్టాండులో ఎవరో నువ్వులుండలు అమ్ముతుంటే జయన్న కొనిచ్చాడు. ఆమె తినలేదు.

ఆ తర్వాత ఎమ్మిగనూరులోనే ఇంకో డాక్టరు దగ్గరికి పోయారు. అక్కడా అదే బల్ల, అదే తెర, అవే వేళ్లు. ఆయన స్కానింగ్ తీయించమన్నాడు. స్కానింగ్ గదిలోనూ వెల్లకిలానే పడుకోబెట్టారు. చల్లటి జిగురు పూయబోతుంటే, పరాయి మగవాడి ముందు ఉబ్బెత్తు కడుపు పెట్టుకుని పడుకోవడానికి మనసొప్పక నాగవేణి అంతకు ముందే దాన్ని సర్ది ఉంచింది. అంతా నార్మల్ అని కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని ఈరమ్మ దేవుడి పటం పక్కన పెట్టింది. అప్పట్నుంచి నాగవేణి అబ్బా అన్నప్పుడల్లా ఆ కాగితం వైపు చెయ్యి చూపించడం మొదలుపెట్టింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నాగవేణి విషయంలో అది తలకిందులైంది. వినేవాళ్లందరికీ చెప్పే మనిషే లోకువైపోయింది. పక్కింటామెకు చెప్పుకుంటే, ఆపరేషన్ పేరు చెప్పి మగ్గం తప్పించుకోవాలని చూస్తోందన్న మాట వీధి తిరిగి మళ్లీ ఆమె చెవికే వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఇంటి సంగతి వీధిలో పెట్టొద్దని ఈరమ్మ మందలించింది. ఒక సాయంత్రం గుంటలోంచి లేచి, కట్టు వదులు చేసి, ఇదిగో చూడు అని జయన్నకే చూపించింది. పాపం, అతను చూసీ చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. వయసు మీద పడితే కడుపు లావవుతుంది, మా అమ్మకూ అట్లే ఉందన్నాడు. ఆ రోజు నాగవేణికి ఏడుపు రాలేదు. చేతిలో ఉన్న నూలు కండెను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, చిక్కుపడితే మళ్లీ తనే కదా విప్పుకోవాల్సింది.

సంక్రాంతి దాటాక హనుమంతరాయుడు స్వయంగా వచ్చాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. పెళ్లివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని, చేతకాకపోతే పడుగు విప్పి వేరే ఇంటికి ఇచ్చేస్తానని అన్నాడు. మగ్గం మీదున్న పడుగు విప్పుకుపోవడమంటే ఆ వీధిలో తలకొట్టేసినంత పని. ఆయన పోయాక ఇంట్లో గొడవ రాజుకుంది. నొప్పిగా ఉందని నాగవేణి అంటే, ఈరమ్మ కాగితం వైపు చూపించింది. జయన్నకు అప్పటిదాకా అణచుకున్నదంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"ముగ్గురు సూసినారు. ముగ్గురూ ఏం లేదనిరి. అందరికీ లేనిది నీ ఒక్కదానికే ఉంటాదా? ఇంగ నన్నేం సేయమంటావు?"

"నా కడుపులో ఏముండాదో నాకు తెల్దా?" అంది నాగవేణి.

గుంటలోకి దిగి కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఆమె నేసిన నేత నేత కాదు, కసి. వంగి ఒక్కో దెబ్బ వేస్తుంటే మగ్గం గుంజలు కదిలాయి. కర్ర వచ్చి బొడ్డు మీద నొక్కుతున్నా లెక్కచేయలేదు. ఇదిగో మీ చీర, ఇదిగో మీ చీర అని లోపల అనుకుంటూనే తొక్కింది. పక్క మగ్గం మీద జయన్న తల ఎత్తలేదు. ఒక దెబ్బకు కడుపులో ఏదో పట్టేసినట్టయింది. కట్టు కింద ఉబ్బు లేచింది. అలవాటుగా నాలుగు వేళ్లూ పోయాయి. ఉబ్బు కదల్లేదు.

గుంటలోంచి పైకొచ్చి నేల మీద వెల్లకిలా పడుకుంది. కట్టు విప్పేసి రెండు చేతులా నొక్కింది. నిమ్మకాయ ఇప్పుడు రాయిలా గట్టిపడిపోయింది. చెయ్యి వేస్తేనే ప్రాణం పోతున్నట్టుంది. లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. ఈరమ్మ సోడా తెచ్చి తాగించబోయింది. అదీ నిలవలేదు. పచ్చగా వాంతి అయ్యేసరికి ఈరమ్మ చేతిలో గ్లాసు పక్కన పెట్టేసి కొడుకును కేకేసింది. జయన్న వచ్చి పెళ్లాం మొహం చూశాడు. నిమిషం కూడా నిలవకుండా వీధిలోకి పరుగెత్తి, జిలాని బాషా ఆటో తెచ్చాడు. ఆపరేషన్ చేసినవాడి దగ్గరికే పోదాం, ఆయనే చూసుకోవాలన్నాడు.

ఆదోని రోడ్డు ఎలా ఉంటుందో ఆ దారిన పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందు పత్తి లారీ, వెనక పత్తి లారీ, మధ్యలో గుంతలు. ప్రతి గుంతకూ నాగవేణి పళ్లు బిగబట్టి పొట్ట పట్టుకుంటోంది. జిలాని బాషా ఒక్కో గుంతకూ తనకే తగిలినట్టు క్షమించమ్మా అంటున్నాడు. జయన్న ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చూశాడు, ఆమె వేళ్లు మాటిమాటికీ ఆ ఉబ్బు మీదికి పోయి నొక్కుతున్నాయి. ఏం చేస్తున్నావని అడిగాడు. రోజూ చేసేదే, లోపలికి తోస్తున్నానంది. ఇప్పుడు పోవడం లేదంది.

జయన్న ఆ వేళ్ల వైపే చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"డాక్టరు కాడ గూడా ఇట్లనే సేసినావా?"

"మరి? ఉబ్బిందాన్ని ఉబ్బినట్లే ఎవురన్నా సూపిస్తారా?"

"స్కానింగు కాడ?"

ఆమె వేళ్లు మళ్లీ ఉబ్బు మీదికే పోయాయి. చెప్పక్కర్లేదు. అతనికీ అవే చేతులు, అతనిదీ అదే నేత. హనుమంతరాయుడి చెప్పుల చప్పుడుకు అతని వేళ్లూ ముడులు వెనక్కి తోసినవే. జయన్న తల కొట్టుకోబోయి ఆగిపోయాడు. ఆమె సర్దుకున్నది ఆమె తప్పనుకుంటే, చూపించినప్పుడు మొహం తిప్పుకున్న తన సంగతేమిటి? ఆ ఒక్క సాయంత్రం ఆమె దేన్నీ సర్దకుండా చూపించింది. చూడవలసిన మనిషి చూడలేదు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆదోని వచ్చేదాకా ఆమె నుదుటి మీద చెమట తుడుస్తూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో మళ్లీ అదే బల్ల. ఈసారి జయన్నను తెర అవతల ఉండమని నర్సు అంటే అతను కదల్లేదు. నాగవేణి పడుకుంది. కడుపు లోపల మెలిపెడుతోంది. అయినా డాక్టరు చెప్పుల చప్పుడు వినిపించగానే ఆమె కుడిచెయ్యి లేచింది. ప్రాణం పోయేట్టున్నప్పుడు కూడా ఆ చెయ్యికి సర్దడమే తెలుసు. జయన్న ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు మే. సర్దొద్దు. ఎట్లుండాదో అట్లే సూడనీ."

ఆమె చెయ్యి గుంజుకుంది. అతను వదల్లేదు. డాక్టరు వచ్చి గుడ్డ తీశాడు. గట్టిపడి, ఎర్రబారి, చర్మం మెరుస్తున్న ఆ ఉబ్బును చూడగానే ఆయన మొహం మారిపోయింది. చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. ఇది ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు. పత్తి కాలం మొదలైనప్పట్నుంచీ అని జయన్న చెప్పాడు. మరి నేను చూసినప్పుడు లేదే అన్నాడు డాక్టరు.

"ఉండె సార్," అంది నాగవేణి. "మీరొస్తాండారని నేనే లోపలికి తోసి పండుకుంటి."

ఎందుకలా చేశావని ఆయన అడగలేదు. పాత చిల్లు కింద కండ తెరుచుకుని పేగు బయటికొచ్చిందనీ, ఇప్పుడది ఇరుక్కుపోయి రక్తం ఆడడం లేదనీ, వెంటనే కోయాలనీ జయన్నకు చెప్పాడు. బతుకుతుందా అని జయన్న అడిగాడు. పేగు ఎంతవరకు చచ్చిందో తెరిచి చూస్తే గానీ చెప్పలేనన్నాడు. నర్సుకు పనులన్నీ పురమాయించి, వెళ్లబోతూ ఆయన తెర దగ్గర ఆగాడు. నిలబెట్టి చూడాల్సింది, దగ్గించి చూడాల్సింది అని నేల వైపు చూస్తూ అన్నాడు. ఆ మాటతో నాగవేణికి ఒరిగేదేమీ లేదు. అయినా ఆమె విన్నది.

జయన్న ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. జిలాని బాషా ఆటో పెట్టేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. టీ తెచ్చిచ్చాడు. అది చల్లారిపోయింది. బాషా దేవుడికి మొక్కుకోమన్నాడు గానీ జయన్నకు మొక్కు కూడా నోటికి రాలేదు. అందరికీ లేనిది నీ ఒక్కదానికే ఉంటాదా అన్న తన గొంతే చెవిలో తిరుగుతోంది. అది తన ఆఖరి మాట అయిపోతే? ఆ బెంచీ మీద అతనికి తెలిసిన భయం అదొక్కటే.

బతికింది. బెత్తెడు పేగు కోసేశారు, మిగతాది నిలిచింది. చాలా రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపారు. పంపేటప్పుడు ఏం పని చేస్తావని మళ్లీ అడిగితే, నాగవేణి కన్నా ముందు జయన్నే నోరు తెరిచి గుంట మగ్గం, కర్ర పొట్టకు ఆనేది, తొక్కేది, వంగేది అంతా చేతులతో ఆడించి చూపించాడు. నేను చెప్పేదాకా ఆ గుంటలోకి దిగనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సగంలో ఉన్న పడుగును జయన్నే విప్పి హనుమంతరాయుడికి అప్పజెప్పి వచ్చాడు. తలకొట్టేసినంత పనే అయినా, తల వంచుకోకుండా వచ్చాడు.

ఇంటికొచ్చిన రోజు నుంచీ వీధి వీధంతా కదిలొచ్చింది. ఈసారి బ్రెడ్డు ప్యాకెట్లు కాదు, యాపిల్ పండ్లు. దోమ కుట్టినట్టుందని నవ్వినామె బత్తాయిలు తెచ్చి, మంచం పక్కన కూర్చుని ముక్కు చీదింది. తిక్కయ్య గుమ్మంలోనే నిలబడి, ఎంత కోశారని అడిగి, సాటి మనిషిని చూసినట్టు తలూపాడు. ఈరమ్మ మంచం మీదికే గంజి తెచ్చింది. వచ్చినవాళ్లందరికీ తనే కోడలి కథ చెప్పింది. పేగు ఇరుక్కోవడం, ఆటోలో పోవడం, డాక్టరుకే గుండె ఆగినంత పనవడం, అన్నీ కళ్లకు కట్టినట్టు చెప్పింది. గ్యాసు మాట, వాము మాట, పటం పక్కన కాగితం మాట ఆ కథలో ఎక్కడా రాలేదు. ఆ కాగితం కూడా ఎప్పుడు మాయమైందో మాయమైంది.

నాగవేణి మంచం మీద పడుకుని వింటోంది. కుట్లు లాగుతున్నాయి, ఒళ్లు నీరసంగా ఉంది, కానీ వాటన్నిటికన్నా ఎక్కువగా లోపల మండుతోంది. నెలల తరబడి ఇదే నోటితో చెప్పింది. ఇదే మంచం మీద మూలిగింది. ఒక్కరికీ చెవికెక్కలేదు. ఇప్పుడు అడక్కుండానే అందరి కళ్లూ తడుస్తున్నాయి. ఆ తడి చూస్తుంటే ఆమెకు ఊరట కలగడం లేదు, ఇంకా కోపం వస్తోంది.

ఒక మధ్యాహ్నం పక్క వీధి ఆడవాళ్లు నలుగురు వచ్చారు. ఈరమ్మ వాళ్లను మంచం చుట్టూ కూర్చోబెట్టింది. కోడలి పొట్ట మీంచి దుప్పటి తొలగించి, కట్టు పక్కన తన చెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా కొలిచి చూపించింది. ఇదీ ఆపరేషనంటే, నాకూ సరిగ్గా ఇంతే కోసినారు అంది. ఆమె గొంతులో జాలి ఉంది, ఏదో గొప్ప కూడా ఉంది. ఆ నలుగురూ అయ్యో పాపం అన్నారు.

నాగవేణి అత్త చెయ్యి వైపు చూసింది. దుప్పటి పైకి లాక్కోలేదు. కోత ఎలా ఉందో అలాగే ఉండనిచ్చింది.

"చిన్న చిల్లుకు నమ్మకపోతిరి," అంది. గొంతు పెద్దది చేయలేదు. "జానెడు కోస్తే నమ్మితిరి. నా నోటిమాట నమ్మేదానికి అది ఎంత పొడుగుండాల అత్తా?"

ఈరమ్మ చాచిన వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. అవతల గదిలో జయన్న మగ్గం చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటి దాకా మళ్లీ మొదలుకాలేదు.